గుమ్మంలో ఇరుక్కున్న బీరువా

ఆ వీధిలో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారు అంటారు. కారు నడపడం నేర్పడం ఆయన పని. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు ముందు కూర్చుంటే ఆయన పక్క సీట్లో కూర్చుంటాడు. అక్కడ ఆయన కాలి దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి దాన్ని తొక్కీ తొక్కీ ఆయన కుడికాలికి సొంత బుద్ధి పుట్టుకొచ్చింది. ఇంట్లో భార్య గొంతు కాస్త పెంచినా, టీవీలో ఎవరైనా మేడ మీంచి దూకబోయినా, ఆ కాలు దానంతట అదే నేలని గట్టిగా నొక్కేస్తుంది.

మనిషి వెన్నలాంటివాడు. ఎవరికీ చెడు తలపెట్టడు. ఒక్కటే బలహీనత. డిసెంబరు నెలాఖరు వచ్చేసరికి తను కొత్త మనిషైపోవాలని ఎక్కడలేని ఆరాటం పుడుతుంది. ప్రతి ఏడూ ఏదో ఒక నిర్ణయం. జనవరి మొదటి వారం ఇల్లంతా ఆ నిర్ణయం చుట్టూ తిరుగుతుంది. రెండో వారానికి అది ఆయనకే గుర్తుండదు. భార్య ఈ వరసకి అలవాటు పడిపోయింది. "ఈ ఏడు ఏమిటండీ?" అని ముందే అడిగి మనసు దిటవు చేసుకుంటుంది.

ఆవిడ పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే చోట పనిచేస్తుంది. ఎదురుగా గోడంతా గూళ్ళు, చేతిలో కవర్ల కట్ట. చిరునామా వంక చూసిందో లేదో కవరు వెళ్ళి దాని గూట్లో పడుతుంది. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ కూడా ఒక్క కవరు గురి తప్పదు.

ఈసారి మాస్టారి నిర్ణయం ఇల్లు సర్దడం. ఫోన్లో ఎవరో ఒకావిడ వీడియో చూశాడట. ఆవిడ ఇంట్లో తెల్లటి గోడలు, ఒక కుర్చీ, ఒక పూలకుండీ తప్ప ఇంకేమీ లేవట. ఆవిడ మొహం చూస్తే ప్రశాంతతంటే ఏమిటో తెలిసిందట.

"కొత్త ఏడాదిలోకి పాత చెత్తతో అడుగుపెట్టకూడదు," అన్నాడు భోజనాల దగ్గర.

"పగలంతా ఊరందరి కాగితాలూ సర్ది వస్తాను. ఇంటికొచ్చి కూడా సర్దమంటే నా వల్ల కాదండీ."

"నువ్వు వేలు కూడా కదపక్కర్లేదు. అంతా నేను చూసుకుంటాను."

"వాడు చూసుకుంటానన్నాడంటే మనమే చేసుకోవాలి అమ్మాయ్," అంది మాస్టారి తల్లి, మజ్జిగ గ్లాసు కింద పెడుతూ. ఆవిడ ఈ ఇంట్లోనే, మధ్యగదిలో ఉంటుంది. కొడుకుని ఆవిడకి బాగా తెలుసు.

డిసెంబరు ముప్ఫై ఒకటి పొద్దున్న మాస్టారు నడుముకి తువ్వాలు బిగించి నియమం ప్రకటించాడు. "ఏడాదిగా మనం ముట్టుకోని వస్తువు ఏదీ ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

"నన్ను ముట్టుకుని ఎన్నాళ్ళయిందిరా?" అని అడిగింది తల్లి. "మరి నన్నెక్కడ పెడతావు?"

మాస్టారు ఆ మాట విననట్టు నటించి వంటగదిలోకి వెళ్ళాడు. గిన్నెలు లేని మూతలన్నీ బయటికి లాగాడు. భార్య వాటిని తీసుకెళ్ళి మళ్ళీ లోపల పెట్టింది. తల్లి మంచం కింది ఖాళీ సీసాల బుట్ట లాగాడు. ఆవిడ ఆ బుట్టని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టేసి, "నన్ను దాటి ముట్టుకో చూద్దాం," అని కూర్చుంది.

"అందరివీ సరే, మీ సామాన్ల సంగతేమిటి?" అని భార్య అడిగింది.

"నావి వృత్తికి సంబంధించినవి," అన్నాడు మాస్టారు గంభీరంగా.

ఆ వృత్తికి సంబంధించినవన్నీ మధ్యగదిలోని చెక్క బీరువాలో ఉన్నాయి. అది మామూలు బీరువా కాదు. పెళ్ళయిన కొత్తలో మాస్టారు ఏదో వేలంపాటలో ముచ్చటపడి కొన్నది. మధ్యగదిలో ఒక గోడని మొత్తం కమ్మేసి, ఇంకో చిన్న గదిలా నిలబడి ఉంటుంది. పైన చెక్కిన కిరీటం, కింద ఏనుగు కాళ్ళలాంటి కాళ్ళు. వీడియోలో ఆవిడ, ఇంట్లో అన్నిటికంటే పెద్ద వస్తువుని ముందు సాగనంపితే సగం పని అయిపోయినట్టేనని చెప్పిందట. అందుకని మాస్టారు దాన్ని బావమరిదికి ఇచ్చేస్తున్నట్టు అప్పటికే ఫోన్ చేసి చెప్పేశాడు. లోపలి సామాను అటకెక్కిస్తాడట.

బావమరిది కూరగాయల వ్యాను నడుపుతాడు. అతనికి డ్రైవింగు నేర్పింది కూడా మాస్టారే. అందుకని బావ మాటకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు. పది కాకముందే వ్యాను ఇంటి ముందు ఆపి, నాలుగు గోనెసంచులు పట్టుకుని లోపలికొచ్చాడు.

"బీరువాకి గీతలు పడకుండా చుడదామని తెచ్చాను బావా. అక్కకి ఇష్టమేనా ఇది?"

"మీ అక్కని అడక్కుండా నేనేదైనా చేస్తానా?" అన్నాడు మాస్టారు. అక్క తమ్ముడి వైపు చూసి పెదవి విరిచింది.

బీరువా ఖాళీ చేసి సామానంతా మధ్యగది నేల మీద కుప్ప పోశారు. తర్వాత ముగ్గురూ కలిసి దాన్ని ఆయాసపడుతూ హాల్లోకి, అక్కణ్ణుంచి గుమ్మం దాకా జరిపారు. అక్కడ భార్య ఆగి, ఒకసారి బీరువాని, ఒకసారి గుమ్మాన్ని చూసింది.

"ఏమండీ, ఇది ఇందులోంచి పడుతుందా?"

"లోపలికి వచ్చింది ఇందులోంచే కదా? వచ్చిన దారినే పోతుంది."

"వ్యాన్లో టేపుంది బావా, ఒకసారి కొలిచి చూద్దాం," అన్నాడు బావమరిది.

"ఎన్ని కార్లని ఎన్ని సందుల్లో దూర్చానో నీకు తెలీదూ? నా కంటి కొలత చాలు."

కంటి కొలత సంగతేమో గానీ, ఆయన ఒక విషయం మరిచిపోయాడు. బీరువా వచ్చినప్పుడు ఆ గుమ్మానికి పాత వెడల్పాటి ద్వారబంధం ఉండేది. ఆ తర్వాత దొంగల భయం అంటూ ఆయనే దాన్ని తీయించి, కొత్త చట్రం పెట్టించి, దానికి ఇనప గ్రిల్లు తలుపు బిగించాడు. గుమ్మం ఆ రోజు నుంచి ఒక జానెడు చిక్కిపోయింది. ఇంటికి ఉన్నది ఆ ఒక్క గుమ్మమే.

మాస్టారు ముందుగా బయటికి వెళ్ళి మెట్ల మీద నిలబడ్డాడు. రెండు చేతులూ పైకెత్తి, కారు వెనక్కి పెట్టించేటప్పటిలా ఆడించడం మొదలుపెట్టాడు. లోపల అక్కాతమ్ముళ్ళు తోస్తున్నారు.

"రానీ... రానీ... రానీ... లెఫ్టు కొట్టు... ఇంకొంచెం... స్ట్రెయిట్ చెయ్యి... రానీ..."

"నా లెఫ్టా, నీ లెఫ్టా బావా?"

"బీరువా లెఫ్టు!"

బీరువాకి లెఫ్టు ఎటో లోపలివాళ్ళు తేల్చుకునేలోపు అది ఏటవాలుగా వంగి, కిర్రుమని మూలిగి, టక్కుమని ఆగిపోయింది. పైన కిరీటం గుమ్మం పై చెక్కకి కరుచుకుంది. కింద ఏనుగు కాలు గ్రిల్లు బందు వెనక్కి దూరిపోయింది. అవతల్నుంచి తోస్తే కదల్లేదు, ఇవతల్నుంచి లాగితే కదల్లేదు. మాస్టారి కుడికాలు మాత్రం మెట్టుని శాయశక్తులా నొక్కుతూనే ఉంది.

బీరువా పక్కన వేలు దూరేంత సందు మిగిలింది. అందులోంచి భార్య కన్ను ఒకటి కనిపించింది.

"ఇప్పుడేమిటండీ?"

"కంగారు పడకు. ఇలాంటివి రోజూ చూస్తుంటాను."

ముందు సబ్బునీళ్ళు పోయమన్నాడు. లోపల్నుంచి పోసిన సబ్బునీళ్ళు బీరువా మీంచి జారి నేరుగా ఆయన ప్యాంటు మీదికి వచ్చాయి. తర్వాత నూనె పోయమన్నాడు. "నూనె నీ బీరువాకి పొయ్యను," అంది తల్లి లోపల్నుంచి. ఆ తర్వాత ఆయనకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కారులోంచి జాకీ తెచ్చి, బీరువా అడుగున పెట్టి తిప్పాడు. బీరువా నిజంగానే లేచింది. లేచి, పై చెక్కని ఇంకా గట్టిగా కరుచుకుంది. కంగారుగా దించబోతే జాకీ రాలేదు. గుమ్మంలో ఇప్పుడు బీరువాతో పాటు జాకీ కూడా ఇరుక్కుంది.

ఇక వడ్రంగికి ఫోన్ చేశాడు. వడ్రంగి కూతురింటికి వెళ్ళాడట, పండక్కీ పబ్బానికీ రానివాడు ఇప్పుడే కదా వచ్చాడని కూతురు వదలటం లేదట, జనవరి మూడుకి వస్తాడట.

ఈ మాట సందులోంచి లోపలికి చేరవేశాడు. భార్య ఏమాత్రం చలించలేదు.

"మంచిదే. నేను ఆఫీసుకి సెలవు చెప్పేస్తాను. ఇంట్లో సరుకులున్నాయి. మీరెక్కడ పడుకుంటారు?"

మాస్టారికి ఒళ్ళు మండింది. తన ఇల్లు, తన గుమ్మం, తన బీరువా. తనొక్కడే బయట. దాహం కూడా వేస్తోంది. వేరే దారేదైనా దొరుకుతుందేమోనని ఇంటి వెనక సందులోకి నడిచాడు. ఆ సందులో ఇళ్ళ వెనక గోడలు వరసగా ఉంటాయి. వంటింటి కిటికీ చూశాడు, దానికి దోమల జాలీ బిగించి ఉంది. దాని పక్కన దుమ్ము పట్టి, సాలెగూళ్ళతో మూసి ఉన్న ఆకుపచ్చ కిటికీ ఒకటి కనిపించింది. పక్కింటివాళ్ళదేమో, కాసిని మంచినీళ్ళు అడుగుదామని రెక్క మీద కొట్టాడు.

లోపల్నుంచి కెవ్వుమని కేక.

"అమ్మాయ్! గోడలో దొంగ! గోడలో ఎవడో ఉన్నాడే!"

ఆ గొంతు ఆయన పుట్టినప్పట్నుంచి వింటున్న గొంతు.

"అమ్మా! నేనే!"

"నువ్వు గుమ్మంలో ఉన్నావు కదరా, గోడలోకెలా వచ్చావు?"

బావమరిది తుప్పు పట్టిన గడియని కొట్టి కొట్టి ఊడదీసి రెక్కలు తెరిచాడు. వెలుతురు ఒక్కసారి లోపలికి దూకేసరికి తల్లి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇనప ఊచలకి ఇవతల కొడుకు, అవతల తల్లి. ఇద్దరూ ఒకరినొకరు కాసేపు అలా చూసుకున్నారు. ఆవిడ ఈ ఇంటికి రాకముందు నుంచీ బీరువా ఆ కిటికీకి అడ్డంగానే ఉంది. పొద్దున్న బీరువా జరిపాక కూడా, దుమ్మూ సాలెగూళ్ళూ కమ్మిన ఆ రెక్కలు గోడలో కలిసిపోయి ఎవరి కంటా పడలేదు. పట్టపగలు లైటు వేసుకుని ఆ గదిలో ఇన్నేళ్ళూ గడిపింది.

"ఇక్కడ కిటికీ ఉందని నాకెందుకు చెప్పలేదురా?"

"నాకే గుర్తులేదమ్మా," అన్నాడు మాస్టారు.

ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు ఊచల్లోంచి పట్టింది గానీ, తర్వాత తెచ్చిన అన్నం పళ్ళెం పట్టలేదు. చేసేదేమీ లేక, ముద్దలు చేసి ఒక్కొక్కటే ఊచల్లోంచి నోటికి అందించసాగింది. సందులో పోయేవాళ్ళు ఆగి చూశారు. నలుగురికి కారు నేర్పిన మాస్టారు, తలలో తెల్లవెంట్రుకలు వచ్చిన మాస్టారు, కిటికీ దగ్గర నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"చిన్నప్పుడూ ఇంతే," అని తల్లి వాళ్ళకి వివరించింది. "కిటికీ దగ్గర నిలబెడితే గానీ తినేవాడు కాదు."

అన్నం తిన్నాక ఆయనకి గదిలో ఏం జరుగుతోందో కనిపించింది. భార్య నేల మీద కుప్ప ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఊరికే కూర్చోలేక చెయ్యి దానంతట అది పని మొదలుపెట్టేసింది. తమ్ముడు గోనెసంచులు నోళ్ళు తెరిచి పట్టుకున్నాడు. వస్తువు చేతికి తగలడం ఆలస్యం, ఎగిరి వెళ్ళి సంచిలో పడుతోంది. పోస్టాఫీసులోలాగే ఒక్కటీ గురి తప్పటం లేదు.

"ఆగు ఆగు! అవి వృత్తికి సంబంధించినవి!"

ఆవిడ చేతిలోది ఎత్తి చూపించింది. కారు పక్క అద్దం. మధ్యలో నిలువునా పగులు.

"ఇందులో వెనకొచ్చే లారీ రెండు లారీలుగా కనిపిస్తుంది. మీ శిష్యులకి ఒక లారీయే ఎక్కువ," అంది. అద్దం సంచిలోకి పోయింది.

బావమరిది రబ్బరు హారను ఒకటి దొరికితే సరదాపడి నొక్కాడు. 'పాం' అని మోగేసరికి మాస్టారి తల్లి మంచం మీద అడుగెత్తు ఎగిరిపడింది. అది కూడా వెళ్ళిపోయింది. తాళాలు లేని తాళంచెవులు వెళ్ళాయి. ఇప్పటి ఏ ఫోనుకీ పట్టని ఛార్జర్లు వెళ్ళాయి. మాస్టారు ఊచలు పట్టుకుని ఒక్కొక్కదాని తరఫునా వాదించాడు. ఏ ఒక్కదానికీ ప్రాణభిక్ష దొరకలేదు. ప్రతిసారీ కుడికాలు సందులోని మట్టిని తొక్కుతూనే ఉంది. మట్టిలో చిన్న గొయ్యి పడింది గానీ లోపల ఏదీ ఆగలేదు.

"ఈ రిమోటు ఏ టీవీదిరా?" అని తల్లి అడిగింది.

"పాత టీవీది."

"ఆ టీవీ ఏదీ?"

"ఎప్పుడో ఇచ్చేశాం."

"మరి ఇదెందుకు?"

మాస్టారు ఆలోచించాడు. "వాళ్ళు వెనక్కిచ్చేస్తే?" అన్నాడు. ఈసారి బావమరిది కూడా మొహం అటు తిప్పుకుని నవ్వాడు.

కుప్ప అడుగుకి వచ్చాక భార్య చెయ్యి నెమ్మదించింది. ఆవిడ ఒక జత పరుగు బూట్లు తీసింది. లోపల కొట్టువాళ్ళు కుక్కిన కాగితం అలాగే ఉంది. వాటిని సంచిలో వెయ్యకుండా గోడవారగా పెట్టింది. వాటి పక్కన ఒక వేణువు. దాని పక్కన కొట్టువాళ్ళు కట్టిన దారం విప్పని వ్యాయామం చాప. మొదటి నాలుగు పేజీలు మాత్రం రాసిన డైరీలు కొన్ని. పిడికిలి బలం కోసం పిండే స్ప్రింగు ఒకటి. పరాయి భాష నేర్పే పుస్తకం. మూత తియ్యని నీటిరంగుల పెట్టె. ఒక్కొక్కటే తుడిచి వరసగా పేర్చింది.

మాస్టారు వాదించడం మానేశాడు. ఆ వరసలో ఉన్నది ఏమిటో ఆయనకి తెలుసు. ఒక్కో డిసెంబరులో తను అవుదామనుకున్న ఒక్కో మనిషి. పరుగెత్తేవాడు, వేణువూదేవాడు, రాసేవాడు. అందరూ గోడకి చేరగిలబడి కూర్చుని తనవైపు చూస్తున్నట్టనిపించింది. ఆయనకి సిగ్గేసింది. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. కానీ ఎవరూ నవ్వలేదు.

"వీటిని ఏ సంచిలో వెయ్యమంటారు?" అని భార్య మెల్లగా అడిగింది. పొద్దుట్నుంచి ఆవిడ అడిగి చేసింది ఇదొక్కటే.

ఆయన ఊచల్లోంచి చెయ్యి చాపి చూపించాడు. "బూట్లు మీ తమ్ముడికి సరిపోతాయేమో చూడు."

బావమరిది కాగితం లాగేసి తొడిగి చూసుకున్నాడు. కొలిచి కుట్టించినట్టు సరిపోయాయి.

"వేణువు పారెయ్," అన్నాడు మాస్టారు.

"వద్దులేరా, ఉంచుకో," అంది తల్లి జాలిగా. మళ్ళీ ఒక్క క్షణం ఆలోచించి, "కాదులే, పారెయ్యి. నువ్వు ఊదిన వారం వీధి కుక్క మన గుమ్మంలోనే కూర్చుని ఏడ్చింది," అంది.

ఈ మాటకి మాస్టారే ముందు నవ్వాడు. డైరీలూ, చాపా, పుస్తకమూ ఎవరికైనా ఇచ్చే సంచిలోకి వెళ్ళాయి. నీటిరంగుల పెట్టె దగ్గర మాత్రం భార్య ఆగింది. మూత తెరిచి, రంగుల బిళ్ళల మీద వేలు పెట్టి చూసింది.

"ఇది నేనుంచుకుంటాను."

"నీకెందుకు?"

"నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం."

"ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు కొన్నప్పుడు అడుగుదామనుకున్నాను. మీరు వేస్తారేమోనని ఊరుకున్నాను," అంది ఆవిడ, పెట్టె మూసి పక్కన పెట్టుకుంటూ.

అంతలో వీధివైపు నుంచి కేక వినిపించింది. "మాస్టారూ! నాలుగింటి క్లాసు! ఎక్కడున్నారు?"

పళ్ళ డాక్టరమ్మ. ఆయన శిష్యుల్లోకెల్లా మొండిఘటం. లైసెన్సు పరీక్ష ఎన్నిసార్లు తప్పిందో ఆవిడ చెప్పదు, ఆయన అడగడు. ఆసుపత్రిలో ఎంతటివాడి నోరైనా తెరిపించే మనిషి, గేరు మార్చేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంటుంది. ఆయన రోజూ "అమ్మా, తల్లీ, కళ్ళు తెరవండి!" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటాడు.

మాస్టారు పరుగున ముందుకొచ్చేసరికి ఆవిడ గుమ్మం ముందు నిలబడి, సంచీలోంచి చిన్న టార్చి తీసి బీరువా పక్క సందులోకి వేసి చూస్తోంది. తాళంచెవితో చెక్క మీద టకటక కొట్టింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"పొద్దుట్నుంచి."

"కదిపితే నొప్పి... అదే, కదిపితే ఎక్కడ పట్టుకుంటోంది?"

"పైనా, కిందా."

"ఇప్పటిదాకా మీరేం చేశారు?"

"లాగాను. జాకీ కూడా పెట్టాను."

ఆవిడ జాకీని చూసి, సొంత వైద్యం చేసుకుని మొహం వాచిపోయి వచ్చినవాళ్ళని చూసినట్టు ఆయన్ని చూసింది. "ఇది లాగితే రాదు సార్. ముందు లోపలికి నొక్కాలి."

"లోపలికా? నాకు కావాల్సింది బయటికండీ!"

"పన్నైనా అంతే. చూసేవాళ్ళు మేం లాగుతున్నాం అనుకుంటారు. ముందు లోపలికి నొక్కుతాం. తర్వాత అటూ ఇటూ కదిపి వదులు చేస్తాం. బయటికి రావడం అన్నిటికంటే ఆఖర్న. ముందు ఆ జాకీ దించండి."

"రావట్లేదు."

"ఎడమకి తిప్పండి. సార్, అది కుడి. ఎడమ అంటే మీ ఎడమ!"

ఈ మాట ఎక్కడో విన్నట్టుందని మాస్టారికి తోచింది. తనే రోజూ అనే మాట అది. నోరెత్తకుండా ఎడమకి తిప్పాడు. జాకీ దిగింది. ఇప్పుడు ఆవిడా ఆయనా కలిసి బయట్నుంచి బీరువాకి భుజం ఆనించారు. లోపల్నుంచి బావమరిదిని పట్టుకోమన్నారు.

"నేను చెప్పినప్పుడు మెల్లగా నొక్కండి. ఊఁ... కుడివైపు... ఇప్పుడు ఎడమవైపు... మళ్ళీ కుడి... సార్, మీ కాలేమిటి అలా తన్నిపెట్టారు?"

మాస్టారి కుడికాలు మెట్టు అంచుని ఎదురు తన్ని బిగుసుకుని ఉంది. ఆయన భుజం లోపలికి తోస్తుంటే కాలు వెనక్కి పట్టేస్తోంది.

"తియ్యండి సార్ ఆ కాలు! బ్రేకు తొక్కిపెట్టి బండి కదలమంటే ఎలా కదులుతుంది?"

మాస్టారు ఆ కాలిని చేత్తో పట్టుకుని లేపి పక్కన పెట్టినంత పని చేశాడు. మళ్ళీ నొక్కారు. కుడి, ఎడమ, కుడి. లోపల ఏదో వదులైన చప్పుడు. బీరువా సుదీర్ఘంగా ఒక మూలుగు మూలిగి, ఒక్కసారిగా హాల్లోకి జారిపోయింది. బావమరిది కొత్త బూట్లతో పక్కకి ఎగిరి దూకాడు. గుమ్మం ఖాళీ అయింది. ఇటు మాస్టారు, అటు భార్య, మధ్యలో చెమ్మ చెమ్మగా సబ్బునీళ్ళు.

"రండి," అంది భార్య, చుట్టాన్ని పిలిచినట్టు.

"ఇప్పుడు కాస్త నిలువుగా తిప్పి బయటికి తీద్దామా?" అంది డాక్టరమ్మ ఉత్సాహంగా.

"వద్దు!" అన్నారు లోపల ముగ్గురూ ఒక్కసారి.

అప్పుడు బావమరిది నేల చూపులు చూస్తూ అసలు సంగతి బయటపెట్టాడు. "బావా, ఏమీ అనుకోవద్దు. ఆ బీరువాతో ఇంటికొస్తే నన్ను కూడా వ్యాన్లోనే పడుకోమంది మా ఆవిడ. నీకు కాదని చెప్పలేక వచ్చాను."

"మరి నువ్వు?" అని మాస్టారు భార్యని అడిగాడు. "నీకూ దీన్ని ఇచ్చెయ్యడం ఇష్టం లేదా?"

"అది నాకు మొదట్నుంచీ నచ్చింది."

"ముందే చెప్పచ్చుగా!"

"డిసెంబరులో మీరు ఎవరి మాట వింటారు కనక?"

మాస్టారికి కోపం రావాలి గానీ రాలేదు. బీరువాని హాల్లోనే ఒక గోడకి నిలబెట్టారు. మధ్యగదిలోకి తిరిగి తెస్తే ఊరుకోనని తల్లి ఆ గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది మరి. మూతలకి ఒక అర, తల్లి సీసాలకి ఒక అర వచ్చాయి. మాస్టారికి కూడా ఒకటి వచ్చింది. దానిలో పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

ఇచ్చే సంచిని బావమరిది వ్యాన్లో వేసుకుని వెళ్ళాడు. పారేసేవి రెండు సంచులూ గేటు పక్కన పెట్టారు. డాక్టరమ్మ మాత్రం కదల్లేదు. "నా క్లాసు సంగతేమిటి సార్? నేను ఫీజు కట్టాను."

మాస్టారు వెళ్ళి పక్క సీట్లో కూలబడ్డాడు. ఒళ్ళు హూనమైపోయింది. ఆవిడ కారు వెనక్కి తీస్తోంది. ఇంకొక్క అడుగు వెనక్కొస్తే సంచులు తగులుతాయని ఆయన కంటికి కనిపించింది. కాలికి ఆజ్ఞ కూడా వెళ్ళింది. కానీ పొద్దుట్నుంచీ మెట్లనీ మట్టినీ తొక్కిన కాలు ఆ ఒక్కసారి బద్ధకించింది. ధబ్బుమంది. సంచులు రెండూ పగిలి అద్దాలు, హారను, తాళంచెవులు, రిమోట్లు వీధంతా దొర్లాయి.

డాక్టరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, "సారీ సార్, సారీ సార్," అంటోంది. మాస్టారికి మాత్రం కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ దిగాడు. అప్పటికే వీధిలోవాళ్ళు చేరారు. సైకిలు బాగుచేసే ఆయన హారను నొక్కి చూసి, "ఇది భలే ఉందే," అన్నాడు. మూలింటావిడ తాళంచెవుల గుత్తి తీసి, "మా పెట్టె తాళం పోయింది, ఇందులో ఏదైనా పడుతుందేమో," అంది. పగిలిన అద్దాన్ని కూడా ఎవరో పిట్టల్ని బెదరగొట్టడానికి చెట్టుకి కడతామని పట్టుకుపోయారు.

"ఈ రిమోటు ఏ టీవీదండీ?" అని ఒకాయన అడిగాడు.

"ఏమోనండీ, పెట్టి చూడండి," అన్నాడు మాస్టారు. కాసేపట్లో వీధి శుభ్రమైపోయింది. ఊడ్చే పని కూడా మిగల్లేదు.

మర్నాడు, అంటే కొత్త సంవత్సరం మొదటి రోజు, ఇంకా అందరూ నిద్రలో ఉండగానే మధ్యగదిలోంచి తల్లి కేకలు వినిపించాయి.

"ఎవర్రా లైటేసింది? ఆర్పండి! మనిషిని పడుకోనివ్వరా?"

మాస్టారూ భార్యా పరుగెత్తుకుని వెళ్ళారు. లైటు ఆరిపోయే ఉంది. ఆకుపచ్చ రెక్కల మధ్యలోంచి ఎండ తిన్నగా ఆవిడ మొహం మీద పడుతోంది. ఆవిడ దుప్పటి తలదాకా కప్పుకుని లోపల్నుంచి తిడుతోంది.

"లైటు కాదమ్మా, సూర్యుడు."

"ఎవడైతే నాకేంరా? ఇంత పొద్దున్నేనా?"

"మూసెయ్యమంటావా?"

ఆవిడ దుప్పటి కిందినుంచి ఒక చెయ్యి బయటపెట్టి ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"మూయొద్దులే. మంచం కాస్త అటు జరుపు. కాళ్ళకి తగిలితే చాలు, మొహానికొద్దు."

మొగుడూ పెళ్ళాలిద్దరూ చెరోవైపు పట్టి మంచం జరిపారు. ఎండ జరిగి ఆవిడ పాదాల మీదికి వచ్చింది. ఆవిడ దుప్పటి దించి, దిండు సర్దుకుని, లేచి కూర్చుంది.

"ఎలాగూ లేపారు కదా, కాఫీ ఏదో ఇక్కడికే పట్రండి. మీవి కూడా తెచ్చుకోండి," అంది.